అడగకూడని వారం

1944 జూన్ 12, సోమవారం, ఉదయం ఆరుంపావు. హనుమకొండలో మా మిషన్ బాలికల హాస్టలు వంటింటి గడప దగ్గర, ఏడో తరగతి చదివే కమల అనే పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో మూడు తాళంచెవుల గుత్తి పెట్టాను. ఒకటి బియ్యం కొట్టుది, ఒకటి కట్టెల కొట్టానిది, మూడోది గంట కొట్టే సుత్తి దాచే పెట్టెది. "శనివారం సాయంత్రం దాకా ఈ ఇంటికి పెద్దవు నువ్వే" అన్నాను. ఆ పిల్ల తాళంచెవులను చూడలేదు, నా ముఖం చూసింది.

ఆ రోజుల్లో నిజాం సర్కారు కాగితాల మీద వాళ్ల సొంత పంచాంగం ప్రకారం ఫసలీ తేదీలు వేసేవారు. నా డైరీలో మాత్రం ఇంగ్లీషు తేదీలే ఉన్నాయి, గంటలూ నిమిషాలతో సహా. ఇక్కడ రాసేవన్నీ దాన్ని చూసి రాస్తున్నవే.

కొత్తగా బడి పనిలో చేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ముప్పై రెండేళ్లు పనిచేశాను. నాకు ఏ సంవత్సరం ఏ గ్రేడు వచ్చిందో తెలిసి మీకు ఉపయోగం లేదు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకు ఒక పని నేర్పడానికి ప్రయత్నించాను: ఎవరూ చెప్పకుండా తామే ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, తీసుకున్నదానికి నిలబడడం. ఆ ప్రయత్నంలో మొదటి పద్నాలుగు నెలల గురించే రాస్తాను. తర్వాతి ఏళ్లన్నీ ఆ పద్నాలుగు నెలల్లో చేసిన తప్పును దిద్దుకోవడంతోనే సరిపోయింది.

ఎవరూ పొమ్మనలేదు

మా హాస్టలుకు పిల్లలు ఆరేడేళ్లకు వచ్చి పదహారేళ్లకు వెళ్లేవారు. ఈ పదేళ్లూ గంటే వాళ్లను నడిపించేది. లేవడానికి గంట, ప్రార్థనకు గంట, అన్నానికి గంట, పడుకోవడానికి గంట. మా పిల్లలు బుద్ధిమంతులని ఊళ్లో పేరు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

1944 ఫిబ్రవరిలో మా దగ్గర చదివి పెళ్లయి వెళ్లిన ఒక అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని చూడడానికి వచ్చింది. బిడ్డకు మూడు రోజులు విడవని జ్వరం వచ్చి, తగ్గేసరికి ఒక చెవి వినికిడి పోయిందట. "దవాఖాన మీ ఇంటికి ఎంత దూరం?" అని అడిగాను.

"గీ గేటు నుంచి గా బాయంత దూరం టీచరమ్మా."

"మరి మూడు రోజులు ఏం చేశావు?"

"ఆయన క్యాంపుకు పోయిండు. ఎవరూ నన్ను పొమ్మనలే."

ఆ మాటే వెళ్లి మా పెద్ద మిస్సమ్మకు చెప్పాను. ఆమె సముద్రం దాటి వచ్చి ఇరవై రెండేళ్లుగా మా బడి నడుపుతున్న మనిషి. తెలుగు బైబిలులో నుంచి నేర్చుకున్నారు, అలాగే మాట్లాడేవారు. విని, "మనము మంచి గొఱ్ఱెలను పెంచుచున్నాము. వీరిలో ఒక్కతెకైనను గొఱ్ఱెలను కాయుట తెలియదు" అన్నారు. తాళంచెవుల ఆలోచన ఆమెదే. పెద్ద పిల్లలు పదకొండు మంది, ఒక్కొక్కరికి ఒక్కో వారం. ఆ వారం అరవై రెండు మంది పిల్లల తిండి, నీళ్లు, గంట అంతా ఆ పిల్ల నిర్ణయమే.

నాలుగు ప్రశ్నలు

శనివారం సాయంత్రం ఐదింటికి వరండాలో చాప వేసి, ఆ వారం పెద్దను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. ఏం చూశావు? ఏం అనుకున్నావు? ఏం చేశావు? దానివల్ల ఎవరికి ఏమైంది? తప్పు చేస్తే తిట్టడం ఉండేది కాదు. నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు పిల్ల ముఖం చూస్తే చాలు, తిట్టాల్సిన అవసరం ఉండదు.

మొదటి వారం కమల బుధవారంనాడు నిద్రలేపే గంటను నలభై నిమిషాలు ఆలస్యంగా కొట్టింది. వాన పడుతోంది, చిన్నపిల్లలు ముడుచుకుని పడుకున్నారు, జాలి కలిగింది. ఫలితంగా ప్రార్థన, అన్నం, జడలు అన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. బజారు నుంచి వచ్చే కోమట్ల పిల్లలు గేటు దాటేసరికి మా వాళ్లు తలలు విరబోసుకుని కంచాల ముందు ఉన్నారు. వంట చేసే మరియమ్మ అందరూ వినేలా అన్నది:

"ఏందే కమలా! నువ్వు పెద్దవైనంక పొద్దు గూడ నిన్నడిగే పొడువాల్నా? జర ముందుగాల చెప్తే నేను గూడ పండుకుందును గద!"

శనివారం నాలుగో ప్రశ్నకు కమల "నిద్ర చిన్నోళ్లకు దొరికింది, తిప్పలు మరియమ్మవ్వకు దొరికినయి" అన్నది. నిర్ణయం ఒకరిది, దాని బరువు ఇంకొకరిది అవుతుందని పద్నాలుగేళ్ల పిల్ల ఒక్క వారంలో చెప్పింది. ఈ పద్ధతి మంచిదని ఆ రోజే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

మూడో వారం ఇంకో రకం కష్టం వచ్చింది. ఆ వారం పెద్ద అయిన పిల్ల ఆరు రోజుల్లో పంతొమ్మిదిసార్లు నా గది ముందుకు వచ్చింది. పప్పులో ఉప్పు ఎంత? కిటికీ మూయాలా? పిల్లి పాలు ముట్టింది, పారబోయాలా? తాళాలు ఆమె దగ్గర, నిర్ణయాలు నా దగ్గర. నాకు విసుగు పుట్టి ఒక నియమం పెట్టాను. సోమవారం పొద్దున్నుంచి శనివారం సాయంత్రం దాకా వారం పెద్ద నన్ను ఏమీ అడగకూడదు. వస్తే నేను ఒకే మాట అంటాను: "ఈ వారం పెద్ద ఎవరు?"

పెద్ద మిస్సమ్మ విని, "ఒకటియును అడుగకూడదా?" అన్నారు.

"ఒక్కటీ అడగకూడదు."

ఆమె ఇంకేమీ అనలేదు. ఆ "ఒక్కటీ" నాది. దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

నియమం పనిచేసింది. రెండు నెలల్లో పిల్లల నడక మారింది. చౌరస్తాలో బట్టల దుకాణం ఉన్న ఒక సేటు, వాళ్ల అమ్మాయి మా బడికే వచ్చేది, "ఆడపిల్లల చేతికి తాళాలిస్తే రేపు అత్తగారింట్ల ఎట్ల బతుకుతరమ్మా?" అని తగాదాకు వచ్చాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి, "మా పోరికి గూడ ఒక వారం ఇయ్యున్రి. ఇంట్ల మీ పోరగాండ్ల కథలు చెప్పి మా పానం తీస్తాంది" అన్నాడు. హాస్టలు పిల్లలకే అని చెప్పి పంపాను. లోపల మాత్రం చాలా గర్వపడ్డాను. ఆ గర్వం గురించి తర్వాత చెప్తాను.

పద్నాలుగు బెంచీలు

ఆ కాలంలో మా బడిలో అన్నిటికంటే విలువైనవి టేకు బెంచీలు. అంతకు ముందు పిల్లలు నేల మీదే కూర్చునేవారు. ఏటూరునాగారం వైపు అడవి నుంచి బండ్ల మీద టేకు తెప్పించి, వడ్రంగిని మూడు నెలలు బడిలోనే పెట్టి చేయించారు. పద్నాలుగు బెంచీలు. అడుగున ఒకటి నుంచి పద్నాలుగు దాకా తెల్ల రంగుతో అంకెలు వేసింది నేనే. ప్రతి శనివారం నూనె గుడ్డతో తుడిపించేదాన్ని. ఒక పిల్ల తల పిన్నుతో ఏడో నంబరు బెంచీ మీద తన పేరు గీసింది. సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బెంచీ పక్కన నిలబెట్టాను. తర్వాత ఎవరూ గీయలేదు. గీయడం మాట అటుంచి, వాటి మీద కూర్చోవడానికి కూడా చిన్నపిల్లలు భయపడేవారు.

రూతమ్మ

స్టేషన్ ఘన్‌పూర్ పక్క ఊరి పిల్ల రూతమ్మ. పదిహేనేళ్లు. తండ్రి లాజరు రైల్వేలో గ్యాంగు పని చేసేవాడు, అంటే పట్టాల వెంట నడిచి చూసి మరమ్మతు చేసే పని. రూతమ్మ తక్కువ మాట్లాడేది. లెక్కల్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఏడో తరగతి పాసైతే ట్రైనింగుకు వెళ్లి పంతులమ్మ కావాలని కోరిక. వాళ్ల ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి ఆమే.

1945 జూలై 30, సోమవారం. సెలవులు తీసేస్తే అది నలభై తొమ్మిదో వారం. రూతమ్మకు అది ఐదోసారి. నాలుగుసార్లూ ఒక్క లోపం లేకుండా చేసిన పిల్ల.

ఆ రోజు తొమ్మిదిన్నరకు మిషన్ దవాఖాన నుంచి డాక్టరమ్మ చీటీ వచ్చింది. బజారులో రెండు ఇళ్లలో గత్తర కనిపించిందని, వాన నీరు బావుల్లోకి దిగుతోందని, తాగే నీళ్లు కాచకుండా ఎవరికీ ఇవ్వవద్దని రాశారు. గత్తర అంటే కలరా. టీచర్లందరూ చదివి సంతకం పెట్టాలి. నాది ఐదో సంతకం, చివరిది. పెట్టి, చీటీ నా దగ్గర ఉండిపోతే రిజిస్టరులో పెట్టాను. పిల్లలకు చెప్పలేదు. గత్తర అన్న మాట వింటే చిన్నపిల్లలు ఏడ్చి ఇంటికి పోతామంటారు. నీళ్లు ఎలాగూ రోజూ కాస్తూనే ఉన్నాం కదా అనుకున్నాను. ఆ వారం నీళ్ల పెత్తనం ఎవరిదో ఆ పిల్లకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

మంగళవారం సాయంత్రం నాలుగూ పది. నేను లెక్కల పలకలు దిద్దుతున్నాను. రూతమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లంగా అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"టీచరమ్మా, జర..."

"ఈ వారం పెద్ద ఎవరు, రూతమ్మా?"

"నేనే."

"మరి?"

కాసేపు నిలబడింది. ఒక నిమిషం కూడా కాదు. "మంచిది టీచరమ్మా" అని వెళ్లిపోయింది. గడప మీద తడి మిగిలింది.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "రూతమ్మ అడగబోయి ఆగింది. ఎదుగుతోంది."

తొమ్మిది మోపులు

ఆమె ఏం అడగబోయిందో తర్వాత తెలిసింది. వాగు పొంగి కట్టెల బండ్లు అవతల ఆగిపోయాయి, శనివారం దాకా రావు. కొట్టంలో తొమ్మిది మోపులే ఉన్నాయి. రోజుకు వంటకు రెండు మోపులు, నీళ్లు కాచడానికి ఒకటి. నాలుగు రోజులకు పన్నెండు కావాలి. రూతమ్మ వేసిన లెక్క: వంటకు ఎనిమిది, జలుబుతో పడుకున్న ముగ్గురు చిన్నపిల్లల గంజికి ఒకటి. మొత్తం తొమ్మిది. నీళ్లకు ఏమీ మిగలలేదు.

లెక్కలో తప్పు లేదు. ఈ రోజుకూ దాన్ని నేను తప్పు పట్టలేను.

అప్పుడు జరిగిన మాటలు మరియమ్మ నాకు చెప్పింది.

"బిడ్డా, నీళ్లు కాగకపోతే పెద్ద మిస్సమ్మ నన్ను కాగబెడ్తది."

"ఒక్క పూటనే వండుదామంటే చిన్నోళ్లు ఆకలికి ఏడుస్తరు అవ్వా. మా ఊళ్లె అందరం బాయినీళ్లే తాగుతం. నాలుగు మడతల బట్టతోటి వడగడ్త."

"పంతులమ్మ నడిగినవా?"

"అడగొద్దు గద. ఈ వారం పెద్దను నేను."

కొత్త బట్ట తీసి, ఉడకబెట్టి, నాలుగు మడతలు వేసి, కుండలు తన చేతులతో తోమి, బుధ, గురు, శుక్రవారాలు నీళ్లు వడగట్టింది. బజారులో గత్తర ఉందని తెలిసిన టీచర్లం ఐదుగురం. మా నీళ్లు వేరే బొగ్గుల కుంపటి మీద కాగేవి. అందుకే మాకు తేడా తెలియలేదు. బొగ్గుల డబ్బా తాళం రూతమ్మ గుత్తిలో లేదు.

శనివారం

ఆగస్టు 4 తెల్లవారుజామున ఐదింటికి మొదటి పిల్లకు మొదలైంది. పది గంటలకు ఏడుగురు. డాక్టరమ్మ వచ్చి అందరినీ ఒకచోట ఉంచాలన్నారు. మంచాలు లేవు. తరగతి గదిలో బెంచీలు రెండేసి జతచేసి పడకలు కట్టాం. ఏడుగురికి పద్నాలుగు సరిపోయాయి.

రూతమ్మ ఆ గదిలోంచి బయటికి రాలేదు. గిన్నెలు ఎత్తింది, గుడ్డలు మార్చింది, చెంచాతో ఉప్పునీళ్లు పట్టింది. ఆ రోజు సాయంత్రం చాప వేయలేదు.

తొమ్మిదో, పదో నంబరు బెంచీల మీద ఎస్తేరు ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. మేడారం వైపు అడవి పల్లె నుంచి ముందటి ఏడాది వచ్చింది, తల్లి లేదు. తాళంచెవుల గుత్తి అంటే ప్రాణం. ఏ వారం ఎవరు పెద్దయినా వెంటపడి, "ఒక్కసారి పట్టుకుంట అక్కా, ఇట్ల పట్టుకొని అట్ల ఇస్త" అనేది. అందరూ కసిరేవారు. రూతమ్మ మాత్రం తన వారాల్లో వంటింటి నుంచి కొట్టం దాకా ఆ పిల్లనే గుత్తి మోయనిచ్చేది.

ఆగస్టు 5, ఆదివారం, మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఎస్తేరు చనిపోయింది. మిగిలిన ఆరుగురు బతికారు.

నేను రాసిన ఉత్తరం

సోమవారం పది గంటలకు పెద్ద మిస్సమ్మ తన గదికి పిలిచారు. నేను, మరియమ్మ, రూతమ్మ.

"నీళ్లు కాచవద్దని ఎవరు చెప్పిరి?"

"నేనే" అన్నది రూతమ్మ.

"పిల్లది కూటికోసం చేసింది దొరసానీ, కూటికోసం..." అని మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పంతులమ్మను అడిగితివా?"

రూతమ్మ నా వైపు చూడలేదు. "పెద్దను నేనే గద మిస్సమ్మా. అడగలేదు" అన్నది.

నేను అక్కడే, ఆమె పక్కనే, రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు.

రూతమ్మ పేరు కొట్టివేయాలని, తండ్రిని పిలిపించి పంపించాలని పెద్ద మిస్సమ్మ తేల్చారు. ఆమె తెలుగులో మాట్లాడేవారు కాని రాసేది నేనే. లాజరుకు ఉత్తరం నేనే రాశాను. "మీ అమ్మాయి నిర్లక్ష్యము వలన" అన్న మాటలు నా చేతి రాతలో ఉన్నాయి.

ఎందుకు మాట్లాడలేదని మీరు అడుగుతారు. నా జీతం మీద అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు బతుకుతున్నారు. అది నిజం. అయితే అది సాకు కూడా. అసలు సంగతి, పద్నాలుగు నెలలుగా నా పద్ధతిని అందరూ మెచ్చుకుంటున్నారు. పద్ధతి తప్పు అనడం కంటే పిల్ల తప్పు అనడం నాకు సులువైంది.

గురువారం సాయంత్రం నాలుగు గంటలకు రూతమ్మ నా వరండాకు వచ్చింది. గుత్తి బల్ల మీద పెట్టింది. చాప తనే తెచ్చి పరుచుకుని కూర్చుంది.

"నా వారం ప్రశ్నలు మిగిలినయి టీచరమ్మా. రేపు నాయిన వస్తాండు. అడగున్రి."

వద్దన్నాను. కదలలేదు. అడిగాను.

"ఏం చూశావు?"

"తొమ్మిది మోపులు చూసిన. వాగు చూసిన. ఆకలైతే ఏడ్చే చిన్నోళ్లను చూసిన."

"ఏం అనుకున్నావు?"

"బట్టతోటి వడగడ్తే సాలనుకున్న."

"ఏం చేశావు?"

చెప్పింది. నాలుగో ప్రశ్నకు ఏడుగురి పేర్లు చెప్పింది, ఒక్కొక్కటే, జబ్బుపడిన వరసలో కాకుండా ఎస్తేరును చివరికి ఉంచి. ఆ పేరు రెండుసార్లు చెప్పింది.

"మంగళవారం నా దగ్గరికి వచ్చావు. అది చెప్పలేదేం?"

"అడగలే గద టీచరమ్మా. వచ్చుడు ఏం లెక్క?"

ఐదు గంటలకు డాక్టరమ్మ చీటీ, నా డైరీ తీసుకుని పెద్ద మిస్సమ్మ గదికి వెళ్లాను. సోమవారం పది నుంచి అప్పటికి డెబ్బై తొమ్మిది గంటలు.

ఆమె చీటీ చదివారు, నా సంతకం చూశారు. డైరీలో మంగళవారం పేజీ చదివారు. "ఎదుగుతోంది" అన్న మాట మీద వేలు పెట్టారు.

"నీవు ఒకటియును అడుగకూడదంటివి. నేను వింటిని, ఊరకుంటిని. నా తప్పు నేను చెప్పెదను. నీది నీవు చెప్పుము. నాకు కాదు, పిల్లలకు."

నా ఉద్యోగం తీసేయలేదు. పై అధికారుల్లో నేను చూసినవారిలో ఆమె ఒక్కరే తన తప్పును ముందు చెప్పి, తర్వాత నా తప్పు అడిగినవారు. శుక్రవారం ఉదయం వరండాలో, జబ్బు పిల్లలు ఆరుగురు పోను యాభై ఐదు మంది ముందు, ఇద్దరం చెప్పాం. చీటీ చదివాను. డైరీ చదివాను.

ఎర్ర జెండా

పదకొండు గంటల బండికి లాజరు వచ్చాడు. పొట్టి మనిషి, తలకు రుమాలు, అరిచేతులు ఇనుములాగా ఉన్నాయి. కూతురు పేరు కొట్టివేయడం లేదని, ఇక్కడే ఉండి చదువుకోవచ్చని పెద్ద మిస్సమ్మ చెప్పారు. జరిగింది నేను మొదటి నుంచి చెప్పాను. నిలబడే విన్నాడు. కోపం చేయలేదు.

"ఒక్క మాట అమ్మా. లైను మీద పట్టా పగిలింది చూసిన గ్యాంగోడు ఎర్ర జెండా పట్టుకొని ఎదురు ఉరకాలె. మెయిలైనా సరే ఆగాలె. నువ్వెంతటోనివి, నీ జీతమెంత అని డ్రైవరు అడగడు. ముందుగాల బండి ఆపుతడు, ఎనక అడుగుతడు. మా బిడ్డకు లైనిచ్చిన్రు, మంచిగనే ఉన్నది. జెండా ఇచ్చిన్రా?"

ఇవ్వలేదన్నాను.

అతను కూతురి వైపు తిరిగాడు. "ఉంటవా బిడ్డా, వస్తవా? నీ ఇష్టం."

రూతమ్మ నా వైపు చూసింది. "టీచరమ్మా, ఇప్పుడు అడగొచ్చునా?"

"అడుగు."

"ఆ మంగళారం నన్ను లోపటికి రమ్మని ఉంటే ఏం చెప్పెటోళ్లు?"

అంతకు ముందు దాన్ని గురించి ఆలోచించలేదు. కాని జవాబు వెతుక్కోకుండానే వచ్చింది. చీటీ చదివిన మనిషి ఎవరైనా అదే చెప్పేవారు. "బెంచీలు కట్టెలుగా కొట్టించి నీళ్లు కాచమనేదాన్ని."

తరగతి గది తలుపు తెరిచే ఉంది. ఆరుగురు పిల్లలు పన్నెండు బెంచీల మీద పడుకుని ఉన్నారు. కడిగిన రెండు బెంచీలు గోడవారగా ఉన్నాయి. రూతమ్మ వాటిని చూసింది.

"బెంచీలు కొట్టొచ్చని నాకు తెల్వదు" అన్నది. తర్వాత తండ్రితో, "ఇగ ఆ బెంచీల మీద కూసోలేను నాయినా. పోదాం" అన్నది.

పన్నెండూ నలభై బండికి వెళ్లిపోయారు. స్టేషను దాకా వెళ్లాను. రూతమ్మ వద్దనలేదు. తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

మీకు చెప్పేది

తాళంచెవులు ఇవ్వడం మానేస్తారని పిల్లలు అనుకున్నారు. మానలేదు. పిల్లలకు నిర్ణయాలు చేతకావని, అందుకే ఇవ్వకూడదని ఆ తర్వాత నాకు చాలామంది చెప్పారు. రూతమ్మ నిర్ణయం తన దగ్గర ఉన్న సంగతులకు సరిపోయేదే. సంగతులు నా రిజిస్టరులో ఉన్నాయి.

మూడు మార్పులు చేశాను. ఏ చీటీ వచ్చినా టీచర్ల కంటే ముందు వారం పెద్దకు చదివి వినిపించాలి. శనివారం ఐదో ప్రశ్న: ఎవరిని అడిగావు? ఎవరినీ అడగలేదంటే అది గొప్ప కాదు, ఎందుకు అడగలేదో చెప్పాలి. మూడోది, తాళాల గుత్తికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టాను. అది చూపిస్తే నేను చేతిలో పని వదిలి వినాలి. అప్పుడు బెంచీలే కాదు, బడి తలుపులైనా కొట్టవచ్చు.

నేను మానే నాటికి ఆ పీలిక నలభై ఆరుసార్లు నా గుమ్మం ముందుకు వచ్చింది. నిజంగా అవసరమైనవి పదకొండు. ఒకసారి ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, చిన్నది బలపం ముక్క మింగిందన్నది. "ఏం ఫికర్ జెయ్యకున్రి, రేపటికి కడుపుల అక్షరాలు దిద్దుకుంటది" అన్నది మరియమ్మ. అలాంటివే మిగతా ముప్పై ఐదు. ఆ ముప్పై ఐదులో రెండుసార్లు విసుక్కున్నాను. తేదీలు రాసి ఉన్నాయి. పదకొండు దక్కాలంటే ముప్పై ఐదు భరించాలి. బేరం లేదు.

మీరు కుర్రవాళ్లు, ఈ పని కొత్తగా చేస్తారు. పిల్ల చేతికి తాళం ఇచ్చి, మీకు తెలిసింది దాచిపెట్టి, అడిగే దారి మూసి, దానికి బాధ్యత అని పేరు పెట్టకండి. పిల్ల తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోతే అది ఎదగడం కాకపోవచ్చు. లేచి వెళ్లి, లోపలికి పిలిచి, ఏమిటని అడగండి. ఆ మంగళవారం నాకు పట్టేది ఒక్క నిమిషం.

పోయినవి ఇవి.

ఎస్తేరు, తొమ్మిదేళ్ల ఒక నెల.

బడి మూతపడిన పదమూడు రోజులు.

రూతమ్మ చదువు, ఏడో తరగతి దగ్గర. ఆమె అయి ఉండవలసిన ఒక పంతులమ్మ.

నేను మాట్లాడకుండా గడిపిన డెబ్బై తొమ్మిది గంటలు.

బెంచీలు పద్నాలుగు. ఒక్కటీ పోలేదు.